తుపాకీ మూతి దగ్గర జరీ దారం

తుపాకీ మూతికి జానెడు దూరంలో జరీ దారం కట్టి తూటా వేగం కొలిచినవాడు సూరత్ మొత్తంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. గొప్పకు చెప్పడం లేదు. ఒకప్పుడు గొప్పగానే చెప్పుకుని తిరిగాను. మా పేట డిండోలిలో చాయ్ బండి దగ్గర వినేవాడు దొరికితే చాలు, అతని చేతిలో కప్పు చల్లారేదాకా వదిలేవాణ్ణి కాదు. ఇప్పుడు ఆ ముచ్చట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోతాను.

నిజానికి నా బతుకుదెరువు తుపాకులతో కాదు. సూరత్ శివారు సచిన్‌లో ఒక మిల్లులో మగ్గాల కరెంటు పని నాది. మగ్గం పరుగు మీద ఉన్నప్పుడు పేక దారం తెగితే, బట్ట పాడయ్యేలోపే మగ్గాన్ని ఆపేసే చిన్న కన్ను ఒకటి ఉంటుంది. సెన్సార్ అంటారు. అది చెడిపోతే బాగుచేయాలి, బాగుపడకపోతే కొత్తది బిగించాలి, ఈలోపు మేస్త్రీ తిట్టే తిట్లు తినాలి, తిరిగి తిట్టాలి. ఈ చివరిది నాకు బాగా వచ్చు. కోపం నా ముక్కు మీదే ఉంటుంది. తెలివైనవాణ్ణని మావాళ్ళలో ఒక పేరు కూడా ఉండేది. ఆ పేరు చెడకుండా చూసుకోవడం అప్పట్లో నాకు అన్నం తినడమంత అవసరంగా ఉండేది.

ఈ పనిలో నన్ను పెట్టింది మా కాక, అంటే బాబాయి వరస. మాకు రక్తసంబంధం లేదు. జగిత్యాల అవతల మా ఊరిని ఆనుకుని ఉన్న ఊరు ఆయనది, ఇద్దరివీ నేతపని ఇళ్ళు, అంతే. ఇరవై ఏళ్ళప్పుడు నేను ఒక సంచీ పట్టుకుని ఉధనా స్టేషన్‌లో దిగితే వచ్చి తీసుకుపోయింది ఆయనే. డిండోలిలో వాళ్ళది ఒకటే గది. మధ్యలో చీర కట్టి అవతలి సగం నాకిచ్చారు కాక, చిన్నమ్మ. మూడేళ్ళు అక్కడే తిన్నాను, అక్కడే పడుకున్నాను. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ సంగతి వాళ్ళు ఎత్తలేదు, నేను అడగలేదు. చిన్నమ్మ మాత్రం నా కంచం ఖాళీ అయ్యేదాకా ఎన్నడూ ఆగలేదు, సగంలోనే మళ్ళీ వడ్డించేది.

మగ్గం మీద కూలికి పోతానంటే కాక ఒప్పుకోలేదు.

"మగ్గం మీద నిలవడకు బిడ్డా. కాళ్ళు పోతయి, నడుము పోతది. నువ్వు పదో తరగతి సదివినవ్. గా కన్ను బాగుచేసే పని నేర్చుకో. కూసుండి చేస్తరు, నలుగురు సార్ అంటరు."

నేర్చుకున్నాను. సార్ అని ఎవరూ అనలేదు గానీ కూర్చుని చేసే పనే దొరికింది.

కాక అప్పటికే మగ్గం మానేశాడు. మా మిల్లు సేఠ్ ఊరి బయట ఒక షూటింగ్ క్లబ్బుకు పెద్ద. అక్కడ మట్టి బిళ్ళల్ని గాల్లోకి విసురుతుంది ఒక యంత్రం. ఎగిరిపోతున్న బిళ్ళను షాట్‌గన్‌తో కొట్టాలి. షాట్‌గన్ తూటాలో ఒకటే గుండు ఉండదు, సీసం గుండ్లు గుప్పెడు ఉంటాయి. విదేశీ తూటాలు రోజువారీ సాధనకు గిట్టుబాటు కావని, క్లబ్బువాళ్ళు అనుమతి తీసుకుని కాల్చేసిన గుల్లలనే మళ్ళీ నింపించేవాళ్ళు. నింపే ముసలాయన దగ్గర కాక పని నేర్చుకున్నాడు. గేటు కాపలాకు అని వెళ్ళినవాడు, ఆ ముసలాయన పోయాక ఆయన బల్ల దగ్గర కూర్చున్నాడు. పదకొండేళ్ళు కూర్చున్నాడు.

ఆయన పని చేస్తుంటే చూడాలి. నేను ఆదివారాలు అందుకే వెళ్ళేవాణ్ణి. బంగారం కొట్లో ఉండే చిన్న త్రాసు, కొలతకు ఒక గిద్దె లాంటి చెంచా, అడుగున మందు, దాని మీద ఊలు బిళ్ళ, ఆపైన గుండ్లు, చివర మూత మడత. మందు తూచేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. మూసిన తూటాను చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి కదిపేవాడు. నచ్చకపోతే విప్పేసేవాడు. అయిపోయిన తూటాలను కండెలు పేర్చినట్టు చెక్క పెట్టెలో పేర్చి, పెట్టె మీద అరచేయి ఆనించి అటునుంచి ఇటు జరిపేవాడు. ఎక్కడా ఎత్తు తగలకూడదు.

"ఒక్కతీరు ఉండాలె," అనేవాడు. ఆయన నోట నేను ఎక్కువసార్లు విన్న మాట అదే.

కానీ ఆ ఒక్కతీరు నిజంగా ఉందో లేదో ఆయనకు తెలిసే దారి లేదు. బిళ్ళ పగిలితే కాల్చినవాడికి చప్పట్లు. పగలకపోతే గాలి ఎక్కువుందనేవాళ్ళు, లేదా తూటా మీదకు నెట్టేవాళ్ళు. ఒక ఆదివారం మధ్యాహ్నం సద్దిపెట్టె విప్పుకుని కూర్చున్నప్పుడు కాక ఇలా అన్నాడు.

"నేసిన బట్టకు మీటరుంటది. ఎంత నేసినవో అండ్లనే తెలుస్తది. మరి గిది నా చేతుల నుంచి పోయినంక ఎంత ఉరుకుతదో నాకు తెల్వది. పదకొండేండ్లాయె. ఒక్కపారి తెలిస్తే మంచిగుండు."

ఆ మాట ఎంత మెల్లగా అన్నాడంటే, అడుగుతున్నాడని నాకు వెంటనే తట్టలేదు. తర్వాత తట్టింది. అప్పటినుంచి నాకు అదే ధ్యాస.

ఇదే సమయంలో సేఠ్‌కూ ఆ అవసరం వచ్చింది. ఆయన కూతురు రాష్ట్ర పోటీలకు తయారవుతోంది. క్లబ్బులో నింపిన తూటాలు నెమ్మదిగా పోతున్నాయని, గురి కుదరడం లేదని ఆ పిల్ల అనుమానం. సేఠ్ విదేశం నుంచి వేగం కొలిచే మిషన్ తెప్పించాడు. మూడుకాళ్ళ పీట మీద పెట్టి, తుపాకీ దాని పైనుంచి కాల్చాలి. మొదటి రోజే క్లబ్బు సభ్యుడొకాయన, తుపాకీ కాస్త దించి, మిషన్‌నే కాల్చిపారేశాడు. ముక్కలు ఏరింది కాక. సేఠ్ ఆ ముక్కల్ని మిల్లుకు తెచ్చి నా ముందు పోశాడు.

"పరుగెత్తే దారం తెగితే కనిపెట్టేవాడివి," అన్నాడు హిందీలో. "ఇది కూడా పరుగెత్తేదే కదా. ఏదో ఒకటి చెయ్యి భాయ్."

ఆ ముక్కలతో ఏమీ కాలేదు. కానీ ఆయన మాటలోనే నాకు దారి దొరికింది. దారం తెగడం కనిపెట్టడమే నా పని కదా. తుపాకీ మూతి ముందు కరెంటు పారే దారం ఒకటి కట్టాలి. దానికి మీటరు అవతల ఇంకొకటి. గుండ్లు మొదటిదాన్ని తెంపినప్పుడు గడియారం మొదలవుతుంది, రెండోదాన్ని తెంపినప్పుడు ఆగుతుంది. పాత సెన్సార్ బోర్డు ఒకటి విప్పి ఆ గడియారం చేశాను. మూతికి దగ్గరగానే కొలవాలి, ఎందుకంటే గుండ్లన్నీ ఇంకా ఒక ముద్దగా ఉండేది అక్కడే. కొంచెం దూరం పోతే చెదిరిపోతాయి, దారానికి అటూ ఇటూ నుంచి దూరిపోతాయి.

దారానికి ఏముంది, సూరత్‌లో జరీకి కరువా? ఒక కండె కొనుక్కుపోయి కట్టాను. కరెంటు పారలేదు. బోర్డు మూడుసార్లు విప్పి బిగించాను, చెమటలు కక్కాను, బోర్డు చేసినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను, అది చేసింది నేనే అయినా. కాక వచ్చి ఆ దారం కొస గోటితో గీకాడు, అగ్గిపుల్ల వెలిగించి అంటించాడు. ముడుచుకుపోయి కరిగింది.

"గిది జరి గాదురా. చాక్లెట్ కాయిదం. రాగితీగ జరి తేవాలె. నేతోని ఇంట్ల పుట్టి గిది తెల్వదా?"

ఆయన నవ్వుతూనే ఉన్నాడు, నేను మాత్రం ఆ సాయంత్రం దాకా మాట్లాడలేదు. మరుసటి ఆదివారం అసలు జరీ ఆయనే తెచ్చాడు, ఎక్కడో పరిచయం ఉన్నచోట అడిగి. కరెంటు పారింది. తుపాకీని బల్లకు బిగించాం. మొదటి దారం నేనే కట్టాను. నేతవాడి చేతికి వదులు దారం పడదు. పడుగులో ఒక్క పోగు వదులైనా మా ఇళ్ళలో తలవంపులు. బిర్రుగా లాగి, వేలితో మీటి, టంగుమనేదాకా వదిలిపెట్టలేదు. కాక కూడా ఒకసారి మీటి తల ఊపాడు.

ముందు విదేశీ తూటాలు పెట్టాం. క్లబ్బు గన్‌మేన్ ట్రిగ్గర్ లాగాడు. అంకె వచ్చింది. సెకనుకు మూడు వందల ఎనభై మీటర్లు. మళ్ళీ కాలిస్తే మూడు వందల ఎనభై నాలుగు, ఆ తర్వాత మూడు వందల డెబ్బై తొమ్మిది. నేను గంతులేసినంత పని చేశాను. సేఠ్ నా వీపు చరిచాడు. కాక ఆ అంకెల దగ్గరగా వంగి, తెరను వేలితో తాకకుండా తాకినట్టు పెట్టి చూశాడు. ఆయన ముఖంలో అంత వెలుగు నేను మళ్ళీ చూడలేదు.

తర్వాత కాక తూటాలు. తన పెట్టె తానే తెచ్చాడు, తానే ఒకటి ఎంచి గన్‌మేన్‌కు ఇచ్చాడు.

మూడు వందల నలభై ఒకటి.

రెండోది మూడు వందల ఇరవై ఎనిమిది. మూడోది మూడు వందల యాభై ఆరు. నాలుగోది మళ్ళీ కిందికి.

వేగం తక్కువ కావడం ఒక ఎత్తు. ఒక్కతీరు లేకపోవడం ఇంకో ఎత్తు. కాక ముఖం వైపు చూడలేక అంకెలు రాసుకుంటూ కూర్చున్నాను. "ఇంకోపారి" అన్నాడు. కాల్చాం. "ఇంకోపారి" అన్నాడు. పది కాల్చాం. పదీ పది రకాలు.

"మంచిగనే కొలిచినవా బిడ్డా?" అని అడిగాడు.

ఆ మాటలో నింద లేదు. నిజంగానే అడిగాడు. నాకు మాత్రం చుర్రుమంది. సేఠ్ పక్కనే ఉన్నాడు, నా తెలివిని అప్పుడే మెచ్చుకున్నాడు, అంతలోనే దాని మీద అనుమానమా?

"మిషిన్ కాకా. మిషిన్‌కు నువ్వెవరో నేనెవరో తెల్వది. విదేశీవి మంచిగ వచ్చినయి కదా? నీవి వస్తలేవు. గంతే."

గంతే అన్నాను. ఇరవై ఏళ్ళప్పుడు నన్ను స్టేషన్ నుంచి తెచ్చుకున్న మనిషితో, ఆయన జీవితంలో ఒక్కసారి తెలుసుకోవాలనుకున్న సంగతిని, ఇంకొకరి ముందు, అలా ముఖాన కొట్టాను. కాక పెట్టె మూత మూసి బల్ల కిందికి తోశాడు.

సేఠ్ చెడ్డవాడు కాదు. కూతురి పోటీ ఆయన కళ్ళముందు ఉంది. ఇకనుంచి అన్నీ విదేశీవేనని, నింపే పని ఆపేద్దామని, కాకను మళ్ళీ గేటు దగ్గర కూర్చోమని చెప్పాడు. కాక రెండు రోజులు కూర్చున్నాడు. మూడో రోజు రాలేదు. నేను అప్పటికి అదే గల్లీలో వేరే గది తీసుకుని ఉంటున్నాను. వారం తర్వాత చూస్తే వాళ్ళ గదికి ఇంకెవరిదో తాళం ఉంది. ఫోన్ చేస్తే స్విచాఫ్. ఊరికి పోయారని ఒకరు, సూరత్‌లోనే పర్వత్ పాటియాలో ఉన్నారని ఒకరు.

నాకు చెప్పకుండా పోయారు. ఆ సంగతి నన్ను చాలా రోజులు కోసింది. కోసిందని ఒప్పుకోకుండా దాన్ని కోపం చేసుకున్నాను. కొలిచి నిజం చెబితే అలగడమేమిటి, చిన్నపిల్లలా, అని చాయ్ బండి దగ్గర అన్నాను కూడా. పండగ పూట చిన్నమ్మ చేసే సర్వపిండి గుర్తొచ్చినప్పుడల్లా ఆ మాటే మళ్ళీ అనుకునేవాణ్ణి. ఆ కోపం మీద నేను ఎనిమిది నెలలు గడిపాను.

వానలు మొదలైన కొత్తలో మిల్లులో నా కుడిచేతి వేళ్ళు రెండు నలిగాయి. కట్టు కట్టారు. ఆ ఆదివారమే సేఠ్ కొత్తగా వచ్చిన విదేశీ తూటాలు ఒకసారి కొలవమన్నాడు. వెళ్ళాను. కట్టు చేత్తో దారం బిగించడం నావల్ల కాలేదు. ముడి వేశాను గానీ దారం నడుము దిగి వేలాడింది. చూస్తే నాకే సిగ్గేసింది. కాక చూస్తే ఏమంటాడో అనుకుని, అనుకున్నందుకు నామీద నేనే విసుక్కున్నాను.

కొత్త తూటాలు వృథా చేయడం ఎందుకని, ముందు బోర్డు పని చేస్తోందో లేదో చూడటానికి పనికిరానివి ఏవైనా ఉన్నాయా అని గన్‌మేన్‌ను అడిగాను. అతను బల్ల కిందినుంచి కాక పెట్టె లాగాడు. పనికిరానివి అని నేనే కదా తేల్చింది.

మొదటిది కాలిస్తే మూడు వందల డెబ్బై తొమ్మిది వచ్చింది.

బోర్డు పాడైందనుకున్నాను. మళ్ళీ దారం కట్టాను, మళ్ళీ వేలాడింది. మూడు వందల ఎనభై. మళ్ళీ కట్టాను. మూడు వందల ఎనభై ఒకటి.  ఈసారి దారం కొస పళ్ళతో పట్టి, ఎడమచేత్తో లాగి, టంగుమనేలా బిగించాను. మూడు వందల ముప్పై ఏడు. వదులు చేశాను. మూడు వందల ఎనభై.

వాన తుంపర పడుతున్నా అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. విషయం చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. విదేశీ తూటాలో మందుకూ గుండ్లకూ మధ్య ప్లాస్టిక్ గిన్నె ఉంటుంది, తుపాకీ గొట్టానికి అతుక్కుని, మందు పేలినప్పటి సెగగాలిని లోపలే ఆపుతుంది. కాక తూటాలో ఉన్నది ఊలు బిళ్ళ. దాని అంచుల్లోంచి కొంత సెగ గుండ్లకంటే ముందే దూసుకొస్తుంది. ఒక్కో బిళ్ళ నుంచి ఒక్కోలా వస్తుంది. వదులుగా ఉన్న దారమైతే ఆ ఊపుకు వంగి, గుండ్లు వచ్చేదాకా ఆగుతుంది. బిర్రుగా బిగించిన దారం సెగకే తెగుతుంది. గుండ్లు రాకముందే గడియారం మొదలవుతుంది. గడియారం ఎక్కువసేపు నడిచింది కాబట్టి వేగం తక్కువని చూపుతుంది. తప్పు కాక చేతిలో లేదు, నేను బిగించిన దారంలో ఉంది. ఇంకెవడైనా ఏ వైర్‌మ్యానో కట్టి ఉంటే దారం వదులుగానే కట్టేవాడు, కాక ఇప్పటికీ ఆ బల్ల దగ్గరే ఉండేవాడు. నేతవాడి కొడుకుని కాబట్టి నేను బిగించాను. నేతవాడు కాబట్టి కాక దాన్ని మీటి చూసి సరే అన్నాడు.

నమ్మకం చాలక, ఆ పెట్టెలో ఉన్నవన్నీ కాల్పించాను. మొత్తం ఇరవై రెండు. గన్‌మేన్ విసుక్కున్నా వదల్లేదు. ప్రతి అంకె పుస్తకంలో రాశాను. చివరిది కాల్చాక గానీ కాక చేత్తో నింపిన తూటా ఈ లోకంలో ఇక ఒక్కటీ మిగల్లేదని నాకు స్ఫురించలేదు.

సేఠ్‌కు చెప్పాను. 

"నింపే సామాను ఇచ్చేశాం, అనుమతి కాగితం కూడా రద్దు చేయించాం," అన్నాడు. "గేటు పని కావాలంటే ఎప్పుడైనా రమ్మను. కానీ తప్పు నీది భాయ్. నువ్వే చెప్పాలి."

ఆయనతో ఎన్నిసార్లు పోట్లాడానో లెక్కలేదు గానీ ఆ రోజు పుస్తకం సంచీలో పెట్టుకుని వచ్చేశాను.

పర్వత్ పాటియాలో మూడు ఆదివారాలు తిరిగాను. మనవాళ్ళు కనబడితే చాలు, ఆపి అడిగాను. నెత్తి మీద టోపీ, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ, తూటాలు నింపేవాడు అంటే వాళ్ళు నన్ను అనుమానంగా చూశారు. చివరికి దారి చూపింది డిండోలిలో గోంగూర అమ్మే ఆమె. మనవాళ్ళు సూరత్‌లో ఏ మూలకు మారినా ఆకు కోసం ఆమె దగ్గరకు రాక తప్పదు.

"మీ చిన్నమ్మనా? సచిన్ పోయే తొవ్వల ఉన్ అనే కాడ ఉంటున్నరు. పదిహేను దినాలకోపారి వస్తది," అని గల్లీ గుర్తులు చెప్పింది. "గిన్ని దినాలు యాడికి పోయినవ్ మరి?"

ఉన్‌లో ఆ గది ముందు నిలబడేసరికి మధ్యాహ్నం మూడైంది. తలుపు తీసే ఉంది. లోపల చీరల గుట్ట. ఎంబ్రాయిడరీ చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని ఇంటికి తెచ్చుకుని చేస్తున్నారు ఇద్దరూ. చిన్నమ్మ నన్ను చూసి కత్తెర ఆపింది.

"వచ్చినవా," అంది. అడగడం కాదు, చెప్పడమూ కాదు. లేచి నీళ్ళిచ్చింది.

కాక తలెత్తి చూసి మళ్ళీ చీర మీదకు వంగాడు. సన్నబడ్డాడు. ఆయన ఎదురుగా చాప మీద కూర్చున్నాను. దారిలో ఎన్నో మాటలు కూర్చుకున్నాను, అవన్నీ వదిలేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. దారం బిగించిన సంగతి, సెగ సంగతి, వేళ్ళు నలిగిన సంగతి.

"తప్పు నాది కాకా. నీ తూటలు మంచిగున్నయి. ఎప్పుడు మంచిగనే ఉండె. నేనే కొలుసుడు రాక గట్ల చేసిన."

కత్తెర చప్పుడు ఆగింది.  తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను.

"ఎన్ని కాల్చినవ్?" అని అడిగాడు.

"ఇరవై రెండు. పెట్టెల ఉన్నయన్ని."

"రాసినవా?"

పుస్తకం తీశాను.

"సదువు."

చదవడం మొదలుపెట్టాను. మూడు వందల డెబ్బై తొమ్మిది. మూడు వందల ఎనభై. మూడు వందల ఎనభై ఒకటి. ప్రతి అంకెకూ చిన్నగా తల ఊపాడు. మధ్యలో బిగించి కాల్చిన అంకె వస్తే, అది ఎందుకు తగ్గిందో నేను చెప్పేలోపే చెయ్యి అడ్డంగా ఊపి, ముందుకు పొమ్మన్నాడు. చిన్నమ్మ గోడకు ఆనుకుని వింటోంది. అయిపోయాక ఆయన అడిగాడు.

"విదేశీవి?"

"గవి గూడ గంతే కాకా. గవన్న నాలుగైదు మీటర్లు అటు ఇటు అయితయి. నీవి రెండు గూడ దాటలె."

ఆయన పెదాలు కదిలాయి. నవ్వు అని చెప్పను గానీ దానికి చాలా దగ్గరిది.

"ఇన్నవా," అన్నాడు చిన్నమ్మతో.

"ఇన్న," అంది చిన్నమ్మ. "నాకు గా అంకెలెందుకు? నేనెప్పుడన్న అడిగిన్నా నిన్ను?"

"నువ్వు అడగలె. నన్ను నేనే అడుగుకున్న, దినాం," అన్నాడు కాక.

ఆ తర్వాత ఆయన మళ్ళీ చదవమన్నాడు. మొదటి నుంచి చివరిదాకా రెండోసారి చదివాను. ఆ గదిలో అంకెలు తప్ప ఏమీ వినిపించలేదు. చిన్నమ్మ అన్నం పెట్టింది. నేను సగం తినేసరికే మళ్ళీ వడ్డించింది. నా కళ్ళు చెమర్చాయి, కారమని చెప్పాను. సేఠ్ గేటు పని ఇస్తానన్నాడని చెబితే కాక వద్దన్నాడు. ఇక్కడ కూర్చుని చేసే పనే కదా, చాలన్నాడు. అంతా తిరిగి కుదురుకుందని నాకు అనిపించింది. వచ్చే ఆదివారం ఏం తీసుకెళ్ళాలో కూడా మనసులో లెక్క వేసుకుంటున్నాను. ఆ బోర్డు తెచ్చి చూపించాలి, చిన్నమ్మకు కొత్త కత్తెర కొనాలి, మళ్ళీ ఆదివారాలు ఇక్కడ గడపాలి.

నన్ను సాగనంపడానికి కాక రోడ్డు దాకా వచ్చాడు. ఇదివరకెప్పుడూ అలా రాలేదు. ఇంట్లోవాణ్ణి ఎవరు సాగనంపుతారు? ఆటో కోసం నిలబడ్డాం. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మంచి పని చేసినవ్ బిడ్డా, వచ్చి చెప్పి. పాణం నిమ్మలమైంది."

"వచ్చే ఐతారం వస్త కాకా."

ఆయన ఆటోను చెయ్యెత్తి ఆపాడు. అది వచ్చి ఆగేదాకా నా భుజం మీద చెయ్యి తీయలేదు.

"ఇగ రాకు," అన్నాడు. "కోపం లేదు నాకు. ఒట్టు. నువ్వు గా తలుపుల నిలవడంగనే గా దినం యాదికొచ్చింది, సేఠ్ ముంగట నువ్వు గంతే అన్న దినం. మళ్ళ వస్తె మళ్ళ యాదికొస్తది. నువ్వు సదివిన గీ అంకెలు తీసుకొని నిమ్మలంగ ఉంట. రాకు బిడ్డా."

 ఆటోలో కూర్చున్నాను. ఆయన గల్లీలోకి తిరిగి వెళ్ళిపోయాడు.

అది జరిగి రెండేళ్ళు దాటింది. నేను వెళ్ళలేదు. ఒక్కో ఆదివారం బట్టలు వేసుకుని, చెప్పులు వేసుకుని, గడప దాటి మళ్ళీ వెనక్కి వస్తాను. ఆయన చచ్చిపోయి ఉంటే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. బతికే ఉన్నాడు, ఇదే ఊళ్ళో, అరగంట దూరంలో, నాకు దారి తెలిసిన గదిలో. చిన్నమ్మ చేతి అన్నం కావాలని, ఆయన నన్ను ఒరేయ్ అని తిట్టాలని నాకు ఎంత ఉందో చెప్పుకోవడానికి కూడా ఇంకెవరూ లేరు, ఇలాంటివి నేను చెప్పుకున్నది వాళ్ళకే. ఆయన అడిగిన వాటిలో నేను మారుమాట లేకుండా చేస్తున్నది ఇదొక్కటే.

మిల్లు బస్సు రోజూ ఉన్ మీదుగానే పోతుంది. ఎడమవైపు కిటికీ సీటు కోసం రోజూ పోట్లాడి మరీ కూర్చుంటాను. ఆ గల్లీ మొగ వచ్చినప్పుడు చూస్తాను. ఒకటి రెండుసార్లు టోపీ పెట్టుకున్న మనిషి ఎవరో కనబడ్డాడు, ఆయన కాదు. బస్సు అక్కడ ఆగుతుంది, మనుషులు ఎక్కుతారు, దిగుతారు. నేను దిగను.